ఒక హెచ్చరిక నియమమైన వైనం: సిజేరియన్ తరువాత సహజ కాన్పుకు సన్నద్ధత – చారిత్రక పరిశీలన (1916–2021)

వ్యాససంగ్రహం:

మొదటి కాన్పు సిజేరియన్ అయిన స్త్రీకి తరువాతి కాన్పు కూడా సిజేరియనే కావాలన్న అభిప్రాయం ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో న్యూయార్క్‌లో వెలువడిన ఒక వాక్యంతో ముడిపడి ఉంది. మొదటి శస్త్రచికిత్సను తొందరపడి చేయవద్దని వైద్యులకు చేసిన హెచ్చరికలో భాగంగా ఆ వాక్యం పుట్టింది. కాలక్రమంలో అది స్త్రీలకు వర్తించే నియమంగా మారింది. ఈ మార్పు జరిగిన తీరును, నియమం సడలి మళ్లీ బిగుసుకున్న దశలను, ఆ దశలలో ‘సన్నద్ధత’ అనే భావన ఎవరి బాధ్యతగా పరిగణించబడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చివరి భాగంలో తెలుగు రాష్ట్రాల పరిస్థితిని ఈ చరిత్ర వెలుగులో చర్చిస్తుంది.

కీలకపదాలు: సిజేరియన్, సహజ కాన్పు, గర్భాశయ మచ్చ, ఎడ్విన్ క్రేగిన్, మన్రో కెర్, సన్నద్ధత, ప్రసూతి వైద్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం

“మొదటిది ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే” అన్న మాట తెలుగు ఇళ్లలో తరచు వినిపించేదే. ఈ మాటకు మూలం స్థానిక ఆచారంలో గాని, పాత మంత్రసానుల అనుభవంలో గాని లేదు. అది ఆధునిక వైద్యంతోపాటు వచ్చిన మాట. దానికి నిర్దిష్టమైన కాలమూ, స్థలమూ, వక్తా ఉన్నారు.

తెలుగులో ఈ శస్త్రచికిత్సకు స్థిరపడిన దేశ్యపదం లేదు. ‘కడుపుకోత’ అనే పదం ఉన్నా, దాని అర్థం బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖం. కనుక వాడుకలో ‘పెద్దాపరేషన్’, ‘సిజేరియన్’ అన్న మాటలే నిలిచాయి. శస్త్రచికిత్స లేకుండా యోనిమార్గం ద్వారా జరిగే ప్రసవాన్ని వ్యవహారంలో ‘నార్మల్ డెలివరీ’ అంటారు. ఈ వ్యాసంలో దానికి ‘సహజ కాన్పు’ అన్న పదాన్ని వాడడం జరిగింది. సిజేరియన్ తరువాత సహజ కాన్పుకు సిద్ధపడడమంటే వ్యాయామం, ఆహారం, మనోధైర్యం అన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉంది. చరిత్రను పరిశీలిస్తే మాత్రం ఈ సన్నద్ధతలో అధికభాగం స్త్రీ శరీరానికి వెలుపల, అంటే కోత పెట్టిన తీరులో, ఆసుపత్రి దస్త్రాలలో, సిబ్బంది ఏర్పాటులో ఉన్నట్లు తెలుస్తుంది.

2. ‘తరువాతి కాన్పు’ అనే ప్రశ్న పుట్టుక

పంతొమ్మిదవ శతాబ్ది మూడవ పాదం వరకు సిజేరియన్ చేయించుకున్న స్త్రీ బతకడమే అరుదు. గర్భాశయాన్ని కోసి బిడ్డను తీసిన తరువాత ఆ కోతను కుట్టకుండా వదిలేయడం నాటి సాధారణ పద్ధతి. రక్తస్రావం, చీము పట్టడం వల్ల తల్లులు మరణించేవారు. 1876లో ఇటలీలోని పావియాలో ఎదోఆర్దో పొర్రో బిడ్డను తీసిన వెంటనే గర్భాశయాన్ని కూడా తొలగించి తల్లిని బతికించాడు. ఈ పద్ధతిలో తల్లి ప్రాణం దక్కినా తరువాతి కాన్పు అన్న ప్రసక్తి ఉండదు. 1882లో జర్మనీలోని లైప్‌జిగ్‌కు చెందిన మాక్స్ జేంగర్ గర్భాశయ కోతను వెండి తీగతోను, పట్టుదారంతోను పొరలుగా కుట్టే పద్ధతిని ప్రతిపాదించాడు. తల్లి బతికింది, గర్భాశయమూ మిగిలింది. దానితోపాటు మచ్చా మిగిలింది. సిజేరియన్ తరువాతి కాన్పు ఎలా జరగాలన్న ప్రశ్న చరిత్రలో ఆచరణాత్మకంగా ఎదురైనది ఇక్కడినుంచే.

నాటి కోతను ‘క్లాసికల్’ కోత అంటారు. గర్భాశయం పైభాగంలో నిలువుగా పెట్టే కోత అది. పురిటినొప్పులలో బలంగా ముడుచుకునేది ఈ పైభాగపు కండరమే. అందుచేత నిలువు మచ్చ ఉన్న గర్భాశయం తరువాతి నొప్పులలో చిట్లే ప్రమాదం ఎక్కువ. ఆధునిక మార్గదర్శకాలు ఈ ప్రమాదాన్ని నూటికి నాలుగు నుంచి తొమ్మిదిగా అంచనా వేస్తున్నాయి.

3. క్రేగిన్ ఉపన్యాసం (1916)

ఎడ్విన్ బ్రాడ్‌ఫర్డ్ క్రేగిన్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో ప్రసూతి వైద్య ఆచార్యుడు. 1916 మే నెలలో ఆ నగర వైద్యుల సమావేశంలో ఆయన ఒక ఉపన్యాసం చేశాడు. అదే సంవత్సరం అది ‘న్యూయార్క్ మెడికల్ జర్నల్’లో ప్రచురితమైంది. ప్రసూతి వైద్యంలో సంయమనం ఆ ఉపన్యాస విషయం. సిజేరియన్ సురక్షితమవుతున్నకొద్దీ వైద్యులు అవసరం లేనిచోట కూడా దానికి మొగ్గు చూపుతున్నారన్నది ఆయన ఆందోళన. ఒకసారి గర్భాశయాన్ని కోస్తే ఆ స్త్రీ తరువాతి కాన్పులకు కూడా శస్త్రచికిత్స అవసరం కావచ్చునని, కనుక మొదటి కోతకు ముందే ఆలోచించాలని ఆయన వాదించాడు. ‘ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పటికీ సిజేరియనే’ అన్న అర్థం వచ్చే వాక్యం ఈ సందర్భంలోనిదే. దానికి మినహాయింపులు అనేకం ఉన్నాయని ఆయన అక్కడే చెప్పాడు. సిజేరియన్ తరువాత శస్త్రచికిత్స లేకుండా ముగ్గురు బిడ్డలను కన్న తన రోగిని ఉదాహరణగా చూపాడు.

ఆ వాక్యంలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం వైద్యుణ్ణి ఉద్దేశించిన హెచ్చరిక. రెండవది ఆ హెచ్చరికకు ఆధారంగా చూపిన పర్యవసానం. తరువాతి దశాబ్దాలలో అమెరికా వైద్యరంగం పర్యవసానాన్ని నియమంగా స్వీకరించింది, హెచ్చరికను పక్కన పెట్టింది. మినహాయింపుల ప్రస్తావన కూడా జ్ఞాపకంలోనుంచి జారిపోయింది. వైద్యుణ్ణి అదుపు చేయడానికి పలికిన మాట చివరికి తల్లిని అదుపు చేసే మాటగా మిగిలింది.

4. మచ్చ స్థానం మారినా మారని మాట

క్రేగిన్ మాట క్లాసికల్ కోతను దృష్టిలో ఉంచుకొన్నది. పదేళ్లలోపే ఆ ప్రాతిపదిక మారిపోయింది. గ్లాస్గోకు చెందిన జాన్ మన్రో కెర్ 1920లలో గర్భాశయం దిగువభాగంలో అడ్డంగా కోత పెట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఆ భాగం పలుచగా ఉంటుంది, నొప్పులలో అంతగా ముడుచుకోదు, రక్తస్రావం తక్కువ, మచ్చ గట్టిగా మానుతుంది. కాలక్రమంలో ప్రపంచమంతటా ఇదే ప్రధాన పద్ధతిగా స్థిరపడింది. ఈ అడ్డకోత ఉన్న స్త్రీలలో నొప్పుల సమయంలో గర్భాశయం చిట్లే ప్రమాదం రెండువందలమందిలో ఒకరి స్థాయిలో ఉంటుందని బ్రిటిష్ రాయల్ కళాశాల మార్గదర్శకం చెబుతుంది.

బ్రిటన్‌లోనూ ఐరోపాలోని పలు దేశాలలోనూ కెర్ పద్ధతి తరువాత సహజ కాన్పుకు ప్రయత్నించే సంప్రదాయం కొనసాగింది. అమెరికాలో మాత్రం కోత మారినా మాట మారలేదు. పొట్టమీద కనిపించే మచ్చకూ గర్భాశయం మీది మచ్చకూ సంబంధం ఉండనక్కరలేదన్న సంగతి ఇక్కడ ముఖ్యం. పైన అడ్డంగా ఉన్నా లోపల నిలువుగా ఉండవచ్చు, పైన నిలువుగా ఉన్నా లోపల అడ్డంగా ఉండవచ్చు. లోపలి కోత సంగతి శస్త్రచికిత్స నివేదిక మాత్రమే చెప్పగలదు. సన్నద్ధతకు మొదటి మెట్టు ఆ కాగితమే. అది తల్లి చేతికి అందకపోతే తరువాత చూసే వైద్యుడు అనుమానంతోనే నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. అనుమానం సాధారణంగా శస్త్రచికిత్సవైపే మొగ్గుతుంది.

5. సడలింపు (1970–1996)

అమెరికాలో 1970లో నూటికి 5.5గా ఉన్న సిజేరియన్లు 1980 నాటికి 16.5కు చేరాయి. ఈ పెరుగుదలలో గణనీయమైన భాగం పునరావృత సిజేరియన్లదే. 1980లో జాతీయ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన నిపుణుల సదస్సు దిగువ అడ్డకోత ఉన్న స్త్రీలకు సహజ కాన్పు ప్రయత్నం సమంజసమని అభిప్రాయపడింది. మరోవైపు తల్లుల ఉద్యమాలు బయలుదేరాయి. 1982లో ఎస్తర్ జోర్న్ సిరక్యూస్ నగరంలో సిజేరియన్ నివారణ ఉద్యమాన్ని స్థాపించింది. 1983లో నాన్సీ వైనర్ కోహెన్, లోయిస్ ఎస్ట్‌నర్ రాసిన ‘సైలెంట్ నైఫ్’ గ్రంథం సాధారణ స్త్రీలలో ఈ చర్చను విస్తరింపజేసింది. సన్నద్ధత అంటే స్త్రీ తన దస్త్రాలను తాను చదవడం, ప్రశ్నలు వేయడం, ఒప్పుకొనే వైద్యుణ్ణి వెతుక్కోవడం అన్న అర్థం ఈ దశలో ఏర్పడింది.

1985లో సిజేరియన్ అనుభవం ఉన్న స్త్రీలలో నూటికి 6.6 మంది మాత్రమే సహజంగా ప్రసవించగా, 1996 నాటికి ఆ సంఖ్య 28.3కు పెరిగింది. అదే సంవత్సరం మొత్తం సిజేరియన్ల శాతం 20.7కు తగ్గింది. అయితే ఈ విజయానికి ఒక చీకటి పార్శ్వం ఉంది. ఖర్చు తగ్గుతుందన్న ఆశతో కొన్ని బీమా సంస్థలు సిజేరియన్ అయిన స్త్రీలందరూ సహజ కాన్పుకు ప్రయత్నించి తీరాలని షరతు పెట్టాయి. నిన్నటివరకు శస్త్రచికిత్స నియమం, నేడు నొప్పులు నియమం. రెండింటిలోనూ స్త్రీ ఇష్టానికి చోటు లేదు. నొప్పులు త్వరగా రావడానికి మందులు విరివిగా వాడడంతో ప్రమాదాలు కూడా బయటపడ్డాయి. 2001లో ప్రచురితమైన వాషింగ్టన్ రాష్ట్ర అధ్యయనం ఇరవైవేల పైచిలుకు స్త్రీల వివరాలను పరిశీలించింది. నొప్పులు రాకుండానే సిజేరియన్ జరిగినవారిలో వెయ్యికి 1.6 మందికి, నొప్పులు వాటంతటవే వచ్చినవారిలో 5.2 మందికి, ప్రోస్టాగ్లాండిన్ మందులతో నొప్పులు తెప్పించినవారిలో 24.5 మందికి గర్భాశయం చిట్లినట్లు తేలింది. ప్రమాదాన్ని నిర్ణయించేది మచ్చ ఒక్కటే కాదని, దానితో వైద్యుడు వ్యవహరించే తీరు కూడా అని ఈ అంకెలు చెబుతున్నాయి.

6. ఒక క్రియావిశేషణం చేసిన పని (1999)

భాషాధ్యయనం చేసేవారికి ఆసక్తి కలిగించే ఘట్టం ఇది. అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల 1998 మార్గదర్శకంలో, ఇటువంటి ప్రయత్నం జరిగేచోట అత్యవసర శస్త్రచికిత్స చేయగల వైద్యులు ‘త్వరగా’ అందుబాటులో ఉండాలని ఉంది. 1999లో ఆ మాట ‘తక్షణం’ అని మారింది. ఈ మార్పుకు ఆధారం ప్రధానంగా నిపుణుల అభిప్రాయమే తప్ప పరిశోధన ఫలితం కాదు. త్వరగా అంటే పిలిస్తే వచ్చే దూరంలో ఉండడం. తక్షణం అంటే ఆసుపత్రిలోనే వేచి ఉండడం. మత్తువైద్యుణ్ణి రేయింబవళ్లు ఉంచుకోలేని చిన్న ఆసుపత్రులు, న్యాయవివాదాలకు భయపడిన పెద్ద ఆసుపత్రులు సహజ కాన్పు ప్రయత్నాన్ని పూర్తిగా మానేశాయి. 2004 నాటికి 28.3 శాతం 9.2కు పడిపోయింది.

ఎనిమిదేళ్లలో స్త్రీల శరీరాలు మారలేదు, కోతలు మారలేదు. ప్రమాదాల గురించి కొత్త అధ్యయనాలు వచ్చిన మాట నిజమే. కాని ఇంతటి పతనానికి వాటితోపాటు ఒక మాట మార్పు, దానిని అమలు చేయలేని వ్యవస్థ కూడా కారణాలు. సన్నద్ధం కానిది ఆసుపత్రి, మూల్యం చెల్లించినది స్త్రీ. 2010 మార్చిలో బెథెస్డాలో జరిగిన రెండవ సదస్సు ఈ ‘తక్షణం’ షరతును పునఃపరిశీలించాలని కోరింది. అదే సంవత్సరం వైద్యుల కళాశాల తన మార్గదర్శకాన్ని కొంత సడలించింది. పుంజుకోవడం మాత్రం మందకొడిగానే సాగింది. 2018లో ఆ శాతం 13.3.

7. అంకెలు చెప్పేవి

2004లో వెలువడిన లాండన్ బృందం అధ్యయనం ఈ రంగంలో ప్రామాణికమైనది. 1999–2002 మధ్య పందొమ్మిది వైద్యకేంద్రాలలో 17,898 మంది స్త్రీలు సహజ కాన్పుకు ప్రయత్నించగా 73.4 శాతం మంది సఫలమయ్యారు. నూటికి 0.7 మందికి గర్భాశయం చిట్లింది. నెలలు నిండి పుట్టిన శిశువులలో పన్నెండుమందికి ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతిన్నది, అందులో ఏడు సందర్భాలు గర్భాశయం చిట్లినవి. ముందుగా నిర్ణయించుకొని సిజేరియన్ చేయించుకున్నవారి శిశువులలో ఇటువంటిది ఒక్కటీ లేదు. ప్రయత్నం విఫలమై నొప్పుల మధ్యలో శస్త్రచికిత్స అవసరమైనవారికి ఇబ్బందులు ఎక్కువ.

రెండవ వైపు లెక్క కూడా ఉంది. 2006లో సిల్వర్ బృందం ముప్పైవేలకు పైగా సిజేరియన్లను పరిశీలించింది. మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉన్న స్త్రీలలో అది గోడలోకి పాతుకుపోయే ప్రమాదం మొదటి సిజేరియన్‌లో నూటికి 3, రెండవదానిలో 11, మూడవదానిలో 40 అని తేల్చింది. అంటే ఒక మార్గంలో ప్రమాదం ఈ కాన్పులో, బిడ్డ మీద ఎక్కువ. మరొక మార్గంలో ప్రమాదం రాబోయే కాన్పులలో, తల్లి మీద ఎక్కువ. ఏ మార్గమూ ప్రమాదరహితం కాదు. ఎవరు ఏ ప్రమాదాన్ని స్వీకరించగలరన్నదే అసలు ప్రశ్న.

అంకెలు నిష్పాక్షికమన్న నమ్మకాన్ని కూడా చరిత్ర ప్రశ్నించింది. 2007లో గ్రోబ్‌మన్ బృందం సాఫల్య సంభావ్యతను లెక్కగట్టే సూత్రాన్ని రూపొందించింది. వయసు, బరువు, పూర్వ ప్రసవాలతోపాటు జాతి కూడా అందులో ఒక అంశం. నల్లజాతి, హిస్పానిక్ స్త్రీలకు ఆ కారణంగానే తక్కువ సంభావ్యత వచ్చేది. ఆ తక్కువ అంకెను చూపి వారిని శస్త్రచికిత్సవైపు మళ్లించే అవకాశం ఏర్పడింది. తీవ్ర విమర్శల తరువాత 2021లో జాతిని తొలగించి సూత్రాన్ని సవరించారు. సమాజంలోని అసమానత శరీర లక్షణంగా నమోదైన సందర్భమిది.

8. సన్నద్ధతలోని అంశాలు

పై చరిత్ర నుంచి సన్నద్ధత స్వరూపం తేటపడుతుంది. మొదటిది దస్త్రం: లోపలి కోత ఏ రకం, ఎందుకు చేశారు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నందున జరిగిన సిజేరియన్‌కూ, నొప్పులు ముందుకు సాగక జరిగినదానికీ తేడా ఉంది. మొదటిదానిలో తరువాతి సాఫల్యం ఎక్కువ. అంతకుముందు ఒక్క సహజ కాన్పు అయినా జరిగి ఉంటే సాఫల్యం 85 నుంచి 90 శాతం వరకు ఉంటుంది. రెండవది వ్యవధి: రెండు కాన్పుల మధ్య పద్దెనిమిది, పందొమ్మిది నెలలకన్నా తక్కువ వ్యవధి ఉంటే మచ్చ చిట్లే ప్రమాదం పెరుగుతుంది. మూడవది మాయ ఎక్కడ ఉన్నదో స్కానింగ్‌లో చూడడం. నాలుగవది కాన్పుగది ఏర్పాటు: బిడ్డ గుండెచప్పుడును ఎడతెగకుండా గమనించే సిబ్బంది, శస్త్రచికిత్స గది, మత్తువైద్యుడు, రక్తం. గర్భాశయం చిట్లుతున్నదనడానికి తరచు కనిపించే గుర్తు బిడ్డ గుండెచప్పుడులో తేడాయే. ఐదవది ప్రణాళిక: నొప్పులు ఎప్పుడు మొదలైతే ఎక్కడికి రావాలి, ఏ దశలో శస్త్రచికిత్సకు మారాలి అన్నది ముందే మాట్లాడుకోవడం.

ఈ ఐదింటిలో వ్యవధి మాత్రమే కొంతవరకు దంపతుల చేతిలో ఉన్నది. తక్కినవన్నీ వైద్యవ్యవస్థ సమకూర్చవలసినవి. ‘ధైర్యం లేక ఆపరేషన్‌కు ఒప్పుకొంది’ అని గాని, ‘మొండిగా నార్మల్ కావాలంది’ అని గాని స్త్రీని తప్పుపట్టే వ్యాఖ్యలు రెండూ ఈ వాస్తవాన్ని మరుగుపరుస్తాయి.

9. తెలుగు రాష్ట్రాల సందర్భం

క్రేగిన్ హెచ్చరిక నేడు అత్యంత ప్రాసంగికమైన ప్రాంతాలలో తెలుగునేల ఒకటి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం కాగా తెలంగాణలో 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులలో 81.5, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి వరుసగా 63.0, 26.6. మొదటి కాన్పు శస్త్రచికిత్సతో జరిగే స్త్రీల సంఖ్య ఇంతగా ఉన్నప్పుడు రెండవ కాన్పు ఎలా జరగాలన్న ప్రశ్న లక్షలాది ఇళ్ల ప్రశ్న అవుతుంది.

ఇక్కడి పరిస్థితికి రెండు ప్రత్యేకతలున్నాయి. ఒకటి ముహూర్తం. పునరావృత సిజేరియన్ తేదీని ముందే నిర్ణయించవచ్చు గనుక పంచాంగం చూసుకొనే వెసులుబాటు కలుగుతుంది. నొప్పులు ముహూర్తం చూసుకొని రావు. రెండవది కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహితలలో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం ఈ పద్ధతినే అనుసరిస్తున్నారు. రెండవ కాన్పుతోనే పిల్లలు చాలనుకునే కుటుంబానికి ఒకే కోతతో రెండు పనులూ పూర్తవుతాయన్న వాదన సహజంగా తోస్తుంది. మూడవ, నాలుగవ గర్భంలో మాయ పాతుకుపోయే ప్రమాదాన్ని ముందుంచే అమెరికా వాదానికి ఇటువంటి కుటుంబంలో బలం తగ్గుతుంది. ఈ తేడాను గమనించకుండా అక్కడి వాదాన్ని ఇక్కడికి యథాతథంగా తేవడం సరికాదు. ఇక్కడ వాదం నిలబడవలసినది త్వరగా కోలుకోవడం, శస్త్రచికిత్స వల్ల కలిగే ఇబ్బందులను తప్పించుకోవడం, ఖర్చు, అన్నిటికన్నా ముఖ్యంగా తెలిసి ఎంచుకొనే హక్కు అనే ప్రాతిపదికల మీద.

వ్యవస్థాపరమైన ప్రయత్నాలు లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణను ప్రారంభించింది. 2018 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలను విడుదల చేసింది. వీటి ప్రధాన ప్రయోజనం మొదటి కాన్పు వద్దే అనవసర శస్త్రచికిత్సను నివారించడంలో ఉన్నది. క్రేగిన్ కోరినదీ అదే.

10. ముగింపు

సిజేరియన్ తరువాతి సహజ కాన్పు చరిత్ర ఒక వాక్యం తన సందర్భం నుంచి విడివడి ప్రయాణించిన చరిత్ర. 1916లో అది మొదటి కోతకు ముందు ఆగి ఆలోచించమన్న మాట. కోత స్థానం మారి దాని ప్రాతిపదిక బలహీనపడిన తరువాత కూడా అది నియమంగా కొనసాగింది. 1990లలో దానికి విరుద్ధమైన నియమం అదే నిర్బంధంతో అమలైంది. 1999లో ఒక్క మాట మార్పుతో పాత నియమం తిరిగి వచ్చింది. ఈ దశలన్నిటిలోనూ స్త్రీని సిద్ధం కమ్మన్నారే గాని, ఆమెకోసం సిద్ధం కావలసినవారి గురించి చర్చ తక్కువ.

తెలుగునాట దీనికి ఆరంభం చిన్న పనితోనే సాధ్యం. సిజేరియన్ జరిగిన ప్రతి తల్లికీ ఇంటికి పంపేటప్పుడు ఆమె గర్భాశయం మీది కోత ఏ రకమో, శస్త్రచికిత్స ఎందుకు అవసరమైందో, తరువాతి కాన్పు విషయంలో వైద్యుని అభిప్రాయమేమిటో ఆమె చదువుకోగలిగే తెలుగులో రాసి ఇవ్వడం. రెండవ కాన్పు సహజంగా జరిగినా, సిజేరియన్‌గానే జరిగినా, ఆ నిర్ణయం ఎవరో ఎప్పుడో చెప్పిన మాట మీద కాక ఆమె చేతిలోని కాగితం మీద ఆధారపడుతుంది.